నూకరాజు కంప్యూటర్స్

పోయిన నెల నా లాప్‌టాప్ మొరాయిస్తుంటే ద్వారకా నగర్‌లో ఒక రిపేరు షాపుకు తీసుకెళ్ళాను. కౌంటర్ వెనకున్న అబ్బాయి దాన్ని విప్పి చూసి, మెమరీ చాలడం లేదు, ఇంకో ముక్క వేయించుకోండి అని ధర చెప్పాడు. కొద్ది నెలల కిందట మా పక్కింటావిడ కొన్న ధరకు రెండింతల పైనే ఉంది. నా మొహం చూసి, "నానేటి సెయ్యను మేడం, పైనుంచే అలగ వస్తన్నాది. ఇయ్యాల తీసుకుంటే ఇయ్యాల్టి రేటు. నాలుగు ముక్కలు కొని ఇంట్లో పడేసుకున్నా నష్టం నేదు, ఇంకా పెరుగుతాది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, మంచివాడే పాపం. ఆ చివరి మాట వినేసరికి స్టూలు అడిగి కూర్చున్నాను. ఎండదెబ్బ అనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఒక్క ముక్కే వేయించుకుని బయటికొచ్చి, అదే వీధిలో నాలుగు దుకాణాల అవతల, ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్న ఒక మేడ మెట్ల ముందు చాలాసేపు నిలబడ్డాను. నా ఇరవై ఒకటో ఏట ఆ మెట్లెక్కి రోజూ పనిలోకి వెళ్ళేదాన్ని.

అప్పుడు మేము గోపాలపట్నంలో ఉండేవాళ్ళం. నాన్న పోర్టులో గుమస్తా. జీవితమంతా తెల్ల చొక్కాలే వేసుకున్నాడు, ఆ చొక్కా సాయంత్రానికి తెల్లగా వచ్చిన రోజు ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. ఓడల్లోకి ఎత్తే ఇనుప ఖనిజం దుమ్ము కాలరు మడతల్లో ఎర్రగా పేరుకునేది. అమ్మ ఆ చొక్కాలను సోడా కలిపిన వేడినీళ్ళలో నానబెడితే బకెట్టులో నీళ్ళు కుంకుమ కలిపినట్టు అయ్యేవి. మా పెరట్లో ఎప్పుడూ ఆ తడి ఇనుము వాసన, దానిమీద అమ్మ వేసే వెల్లుల్లి తాలింపు వాసన. తెల్లవారి కాఫీకి ముందే కుటుంబ ప్రార్థన అయిపోవాలి. పాట, వాక్యం, ప్రార్థన, ఆ తర్వాతే స్టవ్ వెలిగేది. ప్రార్థన అయ్యాక నాన్న ఇంగ్లిషు పేపరు నా చేతికిచ్చి గట్టిగా చదివించేవాడు. తెలియని మాటల కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసేవాడు. డిగ్రీ అయ్యేసరికి గీత గీయాల్సిన మాటలు తగ్గిపోయాయి, పేపర్లో ఏది పడితే అది నాకు అర్థమవుతుందన్న గర్వం నాలో మొదలైంది. నాన్నకు ఇంకో అలవాటు ఉండేది. మేము చిన్నప్పుడు అబద్ధమాడితే కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ఆ పూట తను అన్నం మానేసేవాడు. అన్నయ్యా నేనూ కంచాల ముందు కూర్చుంటే ఆయన పక్కగదిలో దీపం లేకుండా కూర్చునేవాడు. ఆ శిక్ష కన్నా బెత్తం దెబ్బలు నయమని ఇద్దరం అనుకునేవాళ్ళం.

మా చర్చి వాళ్ళ బడికి మొదటి కంప్యూటర్ అమ్మినవాడు అప్పలరాజు. నాకు కంప్యూటర్ కోర్సు అయిందని నాన్న అతనితో అంటే, షాపులో మనిషి కావాలి, పంపండి మాస్టారూ అన్నాడట. నాన్న మాస్టారు కాదు, కానీ అప్పలరాజు గౌరవించాలనుకున్న ప్రతివాణ్ణీ అలాగే పిలిచేవాడు. అతనికి అప్పటికి ముప్పై అయిదేళ్ళుంటాయి. పెద జాలరిపేట వాళ్ళ కుటుంబం. బోట్ల మీద వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తూ పాలిటెక్నిక్ చదివాడు. చదివించింది అన్న నూకరాజు. తండ్రి పోయాక తమ్ముడిని వేటలోకి దించకుండా బడికి పంపిన మనిషి. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక మరబోటు ఉండేది, దాన్ని నడిపేది నూకరాజే. ఆ వీధిలో మిగతా షాపులన్నిటికీ నోరు తిరగని ఇంగ్లిషు పేర్లు ఉంటే, మా బోర్డు మీద ఎర్రటి అక్షరాలతో 'నూకరాజు కంప్యూటర్స్' అని ఉండేది. కాలేజీ పిల్లలు కింద నిలబడి నవ్వుకునేవారు. పేరు మార్చండి సార్, గిరాకీ పెరుగుతుంది అని నేనే ఒకసారి అన్నాను. "ఆ పేరు నేకపోతే నాను నేను కదమ్మా" అన్నాడు. అన్న మాట వస్తే అతని నోట 'లేను' కూడా 'నేను' అయిపోయేది.

కొత్త కంప్యూటర్ డబ్బా తెరిచినప్పుడు ఒక వాసన వస్తుంది. థర్మోకోల్, కొత్త ప్లాస్టిక్, కొంచెం కాలిన సీసం. మా షాపులో ఆ వాసనకు తోడు మధ్యాహ్నం ఎండుచేపల కూర వాసన. అప్పలరాజు భార్య పంపే క్యారేజీ వెనకగదిలో తలుపు వేసుకుని తినేవాడు, తిన్నాక అగరొత్తి వెలిగించేవాడు. వారానికొకసారి నూకరాజు వచ్చేవాడు. రేవులో సరుకు అమ్ముకుని, లుంగీ మీద ఉతికిన చొక్కా వేసుకుని, డీజిలు వాసనతో, ఉప్పు వాసనతో ఏసీ కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. అయిదు పదుల మనిషి. కుర్చీకి వీపు ఆనించేవాడు కాదు. ఆయన ఉన్నంతసేపూ తమ్ముడు కూర్చునేవాడు కాదు. వచ్చిన ప్రతిసారీ నాకోసం కాగితంలో చుట్టిన చేప తెచ్చేవాడు, ఒకసారి కానాగంతలు, ఒకసారి కోనాం ముక్క. "మీ అమ్మకియ్యి పాపా, ఉప్పుకారం ఎక్కువెయ్యొద్దను, సేప రుసి సచ్చిపోద్ది" అనేవాడు. అమ్మ ఆయనను ఎన్నడూ చూడలేదు, కానీ ప్రార్థనలో ఆయన పేరు చెప్పేది.

మా పని విడిభాగాలు తెప్పించి కంప్యూటర్లు బిగించి అమ్మడం. ఆ రోజుల్లో ప్రతి సందులో ఒక ఇంటర్నెట్ సెంటరు, ప్రతి మేడమీద ఒక కోచింగ్ సెంటరు లేస్తుండేవి. అన్ని భాగాల ధరలూ నెలకో రెండు నెలలకో మారేవి, మెమరీ ధర మాత్రం రోజూ మారేది. వేలెడు వెడల్పున్న పచ్చటి రేకు, దానిమీద నల్లని చిప్పులు ఎనిమిది. మేము దాన్ని ముక్క అనేవాళ్ళం. పొద్దున్నే నేను చెన్నైలో డీలరు చెంగయ్య గారికి ఫోన్ చేసి ఆ రోజు ధర కనుక్కుని గోడమీది తెల్లబోర్డు మీద రాయాలి. ఆయనది నెల్లూరు వైపు. ధర ఎందుకు మారిందో కూడా చెప్పేవాడు, నేను దాన్ని పేపర్లో చదివినదానితో సరిచూసుకునేదాన్ని. కొరియాలో, జపాన్‌లో, తైవాన్‌లో, అమెరికాలో పది పన్నెండు పెద్ద కంపెనీలు ఆ చిప్పులు చేస్తాయి. ఒకడిది ఇంకొకడిదానికి ఏ తేడా లేకుండా ఉంటుంది, అందుకని ధర తగ్గించడం తప్ప గిరాకీని లాక్కునే దారి వాళ్ళకు లేదు. అలా లాక్కుని లాక్కుని ధర నేలకు దిగిపోయి ఉన్న రోజుల్లో తైవాన్‌లో భూకంపం వచ్చింది. వారం తిరిగేసరికి ముక్క ధర మూడింతలైంది. మాకు అది చావుదెబ్బ. ఒక కోచింగ్ సెంటరుకు ముప్పై కంప్యూటర్లు పాత ధరకు ఒప్పుకుని ఉన్నాం, చేతిలో ఒక్క ముక్క లేదు. అప్పలరాజు మాట తప్పలేదు, నష్టానికి బిగించి ఇచ్చాడు. ఎదుటి షాపువాడి దగ్గర మాత్రం రెండు పెట్టెల సరుకు ఉంది. దసరాకు అతను కారు కొన్నాడు. దాన్ని మా మెట్ల ముందే నిలిపేవాడు.

ఆ కారు అప్పలరాజును తినేసింది. పైకి ఏమీ అనేవాడు కాదు, మెట్లు దిగేటప్పుడు దానికి తగలకుండా పక్కకు ఒదిగి నడిచేవాడు, అంతే. చలికాలంలో ధర దిగింది, ఎండలు ముదిరేసరికి మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది. ఒకరోజు మధ్యాహ్నం క్యారేజీ తెరవకుండానే నా ఎదురుగా కూర్చున్నాడు. "సుగుణమ్మా, నువ్వు పేపరు చదువుతావు. నిజం చెప్పు. ఈసారి ముందే కొని పెట్టుకుంటే ఎలాగుంటుంది?" అన్నాడు. అంతవరకూ నన్ను ఎవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. నేను చదివిందంతా చెప్పాను. కొత్తగా వచ్చే ప్రతి కంప్యూటరుకూ రెండింతల మెమరీ కావాలి, సెల్‌ఫోన్లకు కూడా కావాలి, కొరత వస్తుందని పెద్ద పెద్ద వాళ్ళే రాస్తున్నారు. కొనండి సార్ అన్నాను. నా గొంతులో ఎంత ధీమా ఉందో ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

డబ్బుకు ఉన్న దారి ఒక్కటే, బోటు. అవి ఏటా ప్రభుత్వం చేపల వేట ఆపించే రోజులు, బోటు రేవులో కట్టేసి ఉంది. కొంటామని ఒకతను తిరుగుతున్నాడు. నూకరాజు షాపుకొచ్చి కూర్చుని, ముక్కను అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఇయి సేసీవోళ్ళు ఎంతమంది పాపా?"

"పది పన్నెండు మంది బాబాయ్."

"ఆళ్ళకీ ఆళ్ళకీ పడదా?"

"పడదు. గట్టి పోటీ."

"మరి రేటు బాగుందని అందరూ ఒకేపాలి సేసి పారేత్తే? రేవులో రొయ్యకి రేటుందంటే బోట్లన్నీ రొయ్యకే ఎల్తాయి. తిరిగొచ్చీసరికి కొనీ నాథుడుండడు."

"చేపల్లా కాదు బాబాయ్. ఈ ఫ్యాక్టరీ ఒకటి కట్టాలంటే రెండేళ్ళు పడుతుంది. ఈలోపల కొరతే."

"పైగా ఇది కుళ్ళదన్నా," అన్నాడు అప్పలరాజు, నిలబడే. "ఐసు అక్కర్లేదు. బీరువాలో పడుంటాది."

నూకరాజు ముక్కను జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు. "నాకేటి తెలుసు. మీరు సదువుకున్నోళ్ళు. నీకు మంచిదనిపిత్తే సెయ్యి" అన్నాడు. ఆ నెలలోనే బోటు అమ్మేశాడు. ముక్కలు చెన్నై నుంచి రైలు పార్సెల్లో వచ్చాయి. వెనకగదిలో రెండు ఇనుప బీరువాలు కొని అరల నిండా సర్దాం. అప్పలరాజు కొబ్బరికాయ కొట్టాడు. నేను దూరంగా నిలబడి నా పద్ధతిలో కళ్ళు మూసుకున్నాను.

రెండేళ్ళు పడుతుందన్నది నిజమే. నాకు తెలియనిది ఏమిటంటే, అంతకు ముందరి మంచి రోజుల్లో అందరూ ఒకేసారి పునాదులు తవ్వారు, ఆ ఫ్యాక్టరీలన్నీ ఒకేసారి పూర్తయి సరుకు కక్కడానికి సిద్ధంగా ఉన్నాయి. నూకరాజు అడిగిన ప్రశ్నకు జవాబు అదే. అక్షరం రాని మనిషి రేవులో నిలబడి చూసి తెలుసుకున్నది, రోజుకు రెండు పేపర్లు చదివే నాకు తెలియలేదు. వానలు వెనకపట్టే వేళకు ధర కొంచెం జారింది. తాత్కాలికం అనుకున్నాం. తర్వాత ప్రతి వారం జారింది. పొద్దున్న రాసిన అంకె సాయంత్రానికి చెరిపి తక్కువ అంకె రాయాల్సి వచ్చేది. చెంగయ్య గారి గొంతులో కూడా ఊపు పోయింది. "ఏం చెప్పేది సుగుణమ్మా. తయారీ ఖర్చు గూడా రావడం లేదంట వాళ్ళకి. ఆపేయొచ్చు గదా అంటే, ముందు ఆపినోడు చచ్చినట్టే. నేను ఆపితే పక్కనోడు నా గిరాకీని ఎత్తుకుపోతాడని ఒక్కడూ ఆపడంలా. ఎవుడు ముందు పోతాడా అని అందరూ చూస్తా ఉండారు. నీ కాడ సరుకుంటే వచ్చినకాడికి వదిలించుకోమని మీ సార్‌కి చెప్పు తల్లీ" అన్నాడు.

చెప్పాను. సగానికైనా అమ్మేద్దాం సార్ అన్నాను. అప్పలరాజు నా మీద మొదటిసారి, చివరిసారి అరిచాడు. "మా అన్న బోటు సగానికి అమ్ముతానా? నువ్వే కదా కొనమన్నావు!" ఆ మాట అన్నాక తనే చిన్నబోయాడు. మర్నాడు తెల్లబోర్డు మీద మెమరీ ధర రాయొద్దన్నాడు. ఫోన్ చేసి నాకొక్కడికీ చెప్పు చాలన్నాడు. కొన్నాళ్ళకు తనకూ చెప్పొద్దన్నాడు. రోజూ పొద్దున్నే వచ్చి బీరువా తాళం తీసి, మెత్తని బట్టతో ట్రేల మీద దుమ్ము తుడిచి, మళ్ళీ తాళం వేసేవాడు. ఎదుటి షాపువాడు ఎంత తక్కువకు తెస్తే అంత తక్కువకు అమ్మేస్తున్నాడు, వాడి పక్కవాడు ఇంకా తక్కువకు. సముద్రాల అవతల జరుగుతున్న కొట్లాటే మా వీధిలో గుడ్డ బ్యానర్ల మీద జరుగుతోంది. మాకు వచ్చే గిరాకీ ఎదుటివైపు తిరిగింది.

నూకరాజు అప్పటికి ఇంకొకరి బోటులో కూలికి పోతున్నాడు. అయినా వారం వారం వచ్చేవాడు. కాగితం పొట్లం చిన్నదైంది, చేపలూ చిన్నవయ్యాయి, తేవడం మానలేదు. ఆయన వచ్చే ఒక రోజు పొద్దున్న అప్పలరాజు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అన్న రేటడిగితే నిలకడగా ఉందని చెప్పమ్మా."

"మీరే చెప్పండి సార్."

"నా మొహం చూస్తే పట్టేస్తాడు. నువ్వు చెబితే నమ్ముతాడు. అబద్ధమేం కాదులే, ఎండలకి ఎలాగూ ఎక్కుతుంది. అప్పుడు అంతా సరిపోతాది."

ఆయన వచ్చాడు. కూర్చున్నాడు. "ఎలగుంది పాపా రేటు?" అన్నాడు. "నిలకడగా ఉంది బాబాయ్" అన్నాను. ఆయన మొహం విచ్చుకుంది. అది చూశాక రెండోసారి చెప్పడం సులువైంది. మూడోసారికి నేనే ఇంకో మాట చేర్చాను, ఎండాకాలానికి పెరుగుతుంది బాబాయ్ అని. చలికాలమంతా అలా చెప్పాను. ఆ రోజుల్లో ఇంటికెళ్ళి అన్నం తినేటప్పుడు నాన్న వైపు చూసేదాన్ని కాదు. ఆయనకు తెలిస్తే మానేది ఒక్క పూట కాదని నాకు తెలుసు. అమ్మ ఆ చిన్న చేపలనే పులుసు పెట్టి, పాపం ఎంత గుర్తుపెట్టుకుని పంపుతాడో అనేది. నాకు ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది, కానీ తినేదాన్ని.

నిజం బయటపడిన రోజు మార్చి నెల ఎండ. నూకరాజు మామూలుగా రావలసిన వేళకు అరగంట ఆలస్యంగా మెట్లెక్కాడు. చేతిలో పొట్లం ఉంది. కూర్చోలేదు.

"ఎదురుగుండా ఆడి బేనర్ మీద ఈ ముక్క బొమ్మేసినారు. అచ్చరం రాదు గానీ అంకె నాకొచ్చు," అన్నాడు. "తప్పు సూసినానేమోనని లోనికెల్లి అడిగినాను. అదే రేటు. నీకెన్ని కావాలి తాతా అన్నాడు, నవ్వినాడు. నిజమేనా తమ్ముడా?"

అప్పలరాజు గోడకు ఆనుకున్నాడు. "తాత్కాలికం అన్నా."

"ఎన్నాళ్ళ బట్టి?"

అప్పలరాజు బీరువాలున్న గది వైపు చూశాడు. నూకరాజు నా వైపు తిరిగాడు. "పాపా?" అన్నాడు, అంతే. నేను కీబోర్డు మీదున్న అక్షరాలు చూస్తూ కూర్చున్నాను. ఆయన పొట్లం నా బల్లమీద పెట్టాడు. తువ్వాలు భుజం మీద సర్దుకుని, "ఎల్తాను" అన్నాడు. నేను కిటికీలోంచి చూశాను. రోడ్డు దాటాక ఆగి, వెనక్కి తిరిగి, తలెత్తి మా బోర్డు చూశాడు. చదవడం రాకపోయినా అది తన పేరని ఆయనకు తెలుసు. చాలాసేపు చూసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ మెట్లు ఎక్కలేదు. అప్పలరాజు ఆ రాత్రే జాలరిపేట వెళ్ళి అన్న కాళ్ళమీద పడ్డాడట. అన్న లేపాడట, అన్నం పెట్టించాడట, ఒక్క మాట మాత్రం మాట్లాడలేదట. అది కొట్టడం కన్నా ఘోరంగా ఉందమ్మా అని చెబుతూ ఏడ్చాడు. ముప్పై ఏడేళ్ళ మగమనిషి అలా ఏడవడం నేను చూడటం అదే మొదలు.

ధర ఎండలకు పెరగలేదు. నాలుగు వేలకు కొన్న ముక్క నాలుగొందలకు అడిగే దిక్కు లేకుండా పోయింది. అంతటితో అయినా ఆగలేదు. కొత్త రకం మదర్‌బోర్డులు వచ్చాయి, వాటిలో మా ముక్క పట్టదు. గాడి వేరే చోట ఉంటుంది. కుళ్ళదనుకున్న సరుకు కుళ్ళింది. షాపు ఖాళీ చేసే రోజు, పాత కంప్యూటర్లు కొనే ఒకతను గోనెసంచులు, తక్కెడ తెచ్చాడు. ముక్కల అంచులకు పూసిన బంగారు పూత కోసం వాళ్ళు కొంటారు. బీరువాల్లోంచి ట్రేలు తీసి సంచుల్లోకి ఒంపుతుంటే చింతగింజలు పోసినట్టు చప్పుడైంది. అప్పలరాజు తూకం చూడలేదు. ఇంకా దుమ్ము తుడిచే బట్ట చేతిలో పట్టుకునే ఉన్నాడు. తర్వాత అతను కొన్నేళ్ళు ఏవేవో పనులు చేసి, అచ్యుతాపురంలో ఫ్యాక్టరీలు వచ్చాక అక్కడొక దానిలో ఎలక్ట్రీషియన్‌గా కుదిరాడు. బస్సులో ఒకసారి కనిపించాడు. మెడలో కంపెనీ కార్డు. సీటు ఇచ్చి, బాగున్నావా అమ్మా అని అడిగి, ఇంకేమీ మాట్లాడలేక తన స్టాపు రాకుండానే దిగిపోయాడు.

ఆ కొట్లాట గురించి తర్వాత నేను చాలా చదివాను. వెతికి వెతికి చదివాను. ఆ పది పన్నెండు కంపెనీల్లో కొన్ని మూతపడ్డాయి, కొన్ని ఒకదాన్నొకటి మింగేశాయి. ఇప్పుడు ఈ వ్యాపారమంతా వేళ్ళమీద లెక్కపెట్టగలిగినవాళ్ళ చేతుల్లో ఉంది. మిగిలినవాళ్ళు గెలిచినవాళ్ళు. పోటీ వల్ల సరుకు చవకైందని, లోకమంతటికీ కంప్యూటర్లు అందాయని రాస్తారు. అదీ నిజమే. మా బడిపిల్లలకు అందాయి, నాకు అందింది, ఈ అక్షరాలు దానిమీదే కొడుతున్నాను. అప్పట్లో ద్వారకా నగర్ వీధిలో ఒక యంత్రం కొంటే కుటుంబమంతా వచ్చి బొట్టుపెట్టి తీసుకెళ్ళేవాళ్ళు, ఇప్పుడు పాడైతే పారేసి కొత్తది కొంటున్నారు. నాన్న లేడు, అమ్మ లేదు, పోర్టు దుమ్ము మాత్రం ఇప్పటికీ కొందరి దండేల మీద వాలుతోంది. లాభం ఎవరికి ఎంత పంచారో లెక్కలు ఉన్నాయి. నష్టం చివరికి ఏ ఇంటి గుమ్మం దాకా వెళ్ళి ఆగిందో రాసినవాళ్ళు నాకు కనిపించలేదు. మా వైపున అది వెళ్ళిన దారిలో ఒక మెట్టు నేను.

షాపు మూసిన అయిదారేళ్ళకు నేను పెద జాలరిపేట వెళ్ళాను. నాకు అప్పటికి ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం, పెళ్ళి, ఒక పాప. నూకరాజు కూలికి వెళ్ళిన బోటులో వల లాగే వించి తాడు కింద చెయ్యి పడి రెండు వేళ్ళు పోయాయని, భార్య పోలమ్మ జ్వరంతో చనిపోయిందని ఆలస్యంగా తెలిసింది. సాయంత్రం వేళ. ఒడ్డున తాటాకు నీడలో కూర్చుని ఎవరిదో వల బాగుచేస్తున్నాడు. మిగిలిన మూడు వేళ్ళతో ముడి వేసి పంటితో లాగుతున్నాడు. నేను దగ్గరికి వెళ్ళి నిలబడితే కళ్ళు చికిలించి చూశాడు.

"ఎవులు?"

"నేను బాబాయ్, సుగుణని. షాపులో..."

"ఓ, పేపరు పాపవా! కూకో, కూకో. ఇసక కాల్తదేమో, ఇదిగో ఈ గోనె మీద." నాన్న ఎలా ఉన్నాడని అడిగాడు. పిల్లలెంతమందని అడిగాడు. వస్తూ బస్సులో అనాల్సిన మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. మొదలుపెట్టేలోగా ఆయనే వల మీంచి చూపు తిప్పకుండా చెప్పుకుపోయాడు.

"మీ పోలమ్మ పిన్ని ఉంటే నిన్ను సూసి సంబరపడేది. నీ మాట ఇంట్లో సెప్పుకునీవోళ్ళం. ఆ ఏడు సలికాలంలో ఏటైనాదంటే, బోటు కొన్నోడు మా ఇంటికొచ్చినాడు. ఒక్కణ్ణీ తిప్పలేకపోతన్నాను నూకరాజా, నీ సెయ్యి పడితేగానీ ఇంజిను మాటినడం నేదు, సగం వాటాకి మళ్ళీ వచ్చీ అన్నాడు. ముక్కలు కొన్ని అమ్మించేసి వాటా తీసేసుకుందారి అని పోలి ఒకటే పోరు. సర్లే, ముందు రేటు కనుక్కుందామని షాపుకొచ్చినాను. నువ్వేమో నిలకడగా ఉంది, ఎండలకి పెరుగుతాది అన్నావు. పెరిగీదాన్ని ఇప్పుడెందుకు అమ్మడం, ఎండలకమ్మితే సగమేటి, బోటు మొత్తం మనదే అయిపోద్ది గదా అనుకున్నాం. ఆణ్ణి వద్దనీసి పంపించీసినాం. ఆడు ఏరేవోణ్ణి సూసుకున్నాడు." పంటితో ముడి బిగించి, దారం తెంపాడు. "అలగయిపోనాది."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. గాలి ఎటునుంచి వీచిందో చెప్పినట్టు చెప్పాడు. అది ఏ వారమో, ఏ పూటో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఆ రోజు ఆయన ఏం చొక్కా వేసుకున్నాడు, మామూలు కన్నా ఎక్కువసేపు కూర్చున్నాడా, ఇంకేమైనా అడగబోయి ఆగాడా. ఏమీ గుర్తు రాలేదు. చలికాలమంతా ఆ మాట అన్ని సార్లు అన్నాను కదా, ఆయన బతుకు నా నాలుక మీద ఆగిన ఆ ఒక్క రోజు మిగతా రోజుల్లో కలిసిపోయింది. నిజం చెప్పి ఉంటే ఆ రోజుకు ఇంకా సగం ధర పలికేది. సగం ధరకు సగం వాటా వచ్చేదేమో. ఆ చెయ్యి తన బోటు ఇంజిను మీదే ఉండేదేమో.

వెలుగు తగ్గుతోంది, ఇక దారం కనిపించదని ఆయన వల మడతపెట్టడం మొదలుపెట్టాడు. నేను అవతలి కొస పట్టుకున్నాను. ఇద్దరం కలిసి మడిచి గోనె కింద పెట్టాం. బస్సు దొరకదేమో, బేగి ఎల్లు పాపా అన్నాడు. క్షమించమని అడగడానికి అంత దూరం వెళ్ళినదాన్ని, అడగకుండానే లేచాను. అడిగితే ఆలోచించకుండా, పోన్లే పాపా అనేసేవాడు. ఆ మాట ఆయన చేత అనిపించుకుని ఇంటికి వెళ్ళి హాయిగా నిద్రపోవడం నాకు చేతకాలేదు.